కట్టలేకపోతే ఎవరు?

నాయనమ్మ ముందు పెట్టిన టీ మీద మీగడ తెట్టె కట్టింది.

"చల్లారిపోతోంది అత్తయ్యా."

"చల్లారనీ. నా చిన్నకొడుకు కంచం ముందునుంచి లేచిపోయాడు. నాకిప్పుడు టీ ఒక్కటే తక్కువైందా?"

కోడలు కప్పు తీసుకెళ్ళి వేడిచేసి, మళ్ళీ తెచ్చి అక్కడే పెట్టింది. పొద్దుటినుంచి ఆవిడకి ఇదే పని.

రాత్రి జరిగినదాన్ని గొడవ అనడానికి కూడా వీల్లేదు. ఆ ఇంట్లో డబ్బు మాట వస్తే రెండే పద్ధతులు. అరవడం, లేదా నోరు మూసుకోవడం. రాత్రి జరిగింది రెండోది. బాబాయ్ తన బేకరీకి కొత్త ఓవెన్ కొంటానన్నాడు. బ్యాంకు అప్పు ఇస్తుందట, అన్నయ్య జామీను సంతకం పెడితే చాలట, సోమవారం కాగితాలు బ్యాంకులో ఇవ్వాలట. ముద్దకీ ముద్దకీ మధ్య ఇదంతా చెప్పుకొచ్చాడు. అన్నయ్య తలూపాడు. కళ్ళజోళ్ళ దుకాణంలో పొద్దస్తమానం "ఇది బాగుందా, అది బాగుందా" అని అడిగించుకుని తలూపీ తలూపీ ఆయనకది అలవాటైపోయింది.

అప్పుడు అన్నయ్య పదిహేడేళ్ళ కూతురు నీళ్ళ గ్లాసు కింద పెట్టి, గడియారంలో టైమెంత అన్నంత మామూలుగా అడిగింది.

"బాబాయ్, నువ్వు కట్టలేకపోతే నాన్న దేంట్లోంచి కడతాడు?"

అంతే. బాబాయ్ చెయ్యి కడుక్కుని, చెప్పులు వేసుకుని, బేకరీ మేడమీద తన గదికి వెళ్ళిపోయాడు. పెళ్ళీపెటాకులూ లేని మనిషి. రాత్రి భోజనం ఒక్కటే అన్నగారింట్లో. అదీ సగంలో వదిలేసి పోయాడు.

"పిల్లకి ఆ మాటలు ఎక్కడివి? గాల్లోంచి ఊడిపడ్డాయా?" అంది నాయనమ్మ. "అన్నీ నీ క్లాసు చలవే."

క్లాసు మాట నిజమే. కోడలు గ్రంథాలయంలో లైబ్రేరియన్. కొన్నాళ్ళుగా శనివారం మధ్యాహ్నాలు కాలేజీ వయసు పిల్లల్ని చదువుకునే హాల్లో కూర్చోబెట్టి డబ్బు సంగతులు చెబుతోంది. జీతం చీటీ ఎలా చదవాలి, వాయిదాల్లో కొన్న ఫోను ఆఖరికి ఎంతకి పడుతుంది, ఎవరైనా సంతకం పెట్టమంటే ముందు ఏం అడగాలి, ఇలాంటివి. వాటిని పుస్తకంలో వెతుక్కోవడం రాక, ఇంట్లో అడిగే ధైర్యం లేక, కౌంటరు దగ్గర నసుగుతూ నిలబడే పిల్లల్ని చూసీ చూసీ ఆవిడే మొదలుపెట్టింది. కూతురు కూడా మొదటి వారం నుంచీ వెళుతోంది.

"ప్రశ్న తప్పేం కాదు అత్తయ్యా," అంది కోడలు మెల్లగా.

"తప్పు కాదా? ముక్కూ మొహం తెలియని పిల్లలకి లైబ్రరీలో మెంబర్లుగా చేరడానికి నువ్వు జామీను పెడతావటగా. నాకు తెలియదనుకోకు. అడిగేవాళ్ళు లేని ప్రతి పిల్లాడికీ నువ్వే సంతకం. పరాయి పిల్లలకి పెట్టొచ్చు, వీడి తోడబుట్టినవాడు మాత్రం వీడికి పెట్టకూడదు. అప్పుడు పాఠాలు గుర్తొస్తాయి."

కోడలి గొంతులో పచ్చి వెలక్కాయ పడింది.

ఎందుకు పడిందో ఈ సీరియల్ మొదటినుంచీ చదువుతున్నవారికి తెలుసు. ఇవాళే కొత్తగా వచ్చి కూర్చున్నవారి చెవిలో చెబుతాను, పైకి అనకండి. ఇప్పుడు బేకరీలో ఉన్న ఓవెన్ కొన్నప్పుడు కూడా బాబాయ్ అప్పే చేశాడు. నెలజీతం వచ్చే మనిషి జామీను ఉంటేనే ఇస్తామన్నారు అప్పిచ్చేవాళ్ళు. సంతకం పెట్టింది ఈ వదినే. "అన్నయ్యకి చెప్పకు వదినా, చిన్నతనంగా ఉంటుంది" అన్నాడు మరిది. ఆవిడ చెప్పలేదు. అతను వాయిదా కట్టలేకపోతే ఆవిడ జీతంలోంచి కోసుకుంటారు. ఆ అప్పు ఇంకా సగం మిగిలే ఉంది. మొగుడికి తెలియదు, అత్తగారికి తెలియదు, అమ్మ నోట వచ్చిందే వేదమనుకునే కూతురికి అసలే తెలియదు.

అందుకే ఆవిడ అత్తగారికి జవాబు చెప్పలేకపోయింది. "నేనెప్పుడో పెట్టేశానండీ" అని ఒక్క మాట అంటే నాయనమ్మ లేచి దీవించేది. ఆ మాటే అనడానికి లేదు.

"ఇదిగో, నే చెబుతున్నా," అంది నాయనమ్మ. "పెద్దాడు సంతకం పెట్టేదాకా నేను పచ్చి మంచినీళ్ళు ముట్టను. నువ్వా క్లాసు ఆపెయ్. కన్నవాళ్ళనీ తోడబుట్టినవాళ్ళనీ అనుమానించడం నేర్పే చదువు ఏం చదువు?"

పెద్దాడు గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్నాడు. తన కళ్ళజోడు తీసి, తుడిచి, వెలుగుకి ఎత్తి చూసి, మళ్ళీ తుడిచాడు. ఏ అద్దానికీ అంత తుడుపు అక్కర్లేదు.

"మీరేమంటారు?" అని అడిగింది భార్య.

"సోమవారం కదా. చూద్దాం."

"అత్తయ్య తినడం లేదు."

"చూస్తున్నాను." మెట్లు దిగబోతూ ఆగాడు. "నువ్వు పెట్టమంటావా, వద్దంటావా?"

ఆవిడ నోరు తెరిచి మూసింది. ఆయన తలూపి వెళ్ళిపోయాడు.

తల్లీకూతుళ్ళు గ్రంథాలయానికి నడిచే వెళతారు. ఆ దారిలోనే బేకరీ. ప్రతిసారీ ఆ మూలకి రాగానే కూతురు నడక వేగం పెంచుతుంది, బాబాయ్ అద్దంలోంచి ఏదో ఒక వెక్కిరింత విసురుతాడు కనుక. ఇవాళ ఆ పిల్ల రోడ్డు దాటి అటువైపు నడిచింది.

"నాకు సైకిలు నేర్పింది బాబాయే," అంది హఠాత్తుగా.

"తెలుసు."

"నాకు జ్వరం వస్తే రాత్రంతా కూర్చున్నది బాబాయే."

"అవును."

"మరి నేనెందుకలా అడిగాను?"

"అడగాల్సిందే కాబట్టి."

"అడగాల్సిందే అయితే అందరూ నన్ను దొంగని చూసినట్టు చూస్తారేం? నాన్న చూడలేదు, సరే. నువ్వు కూడా కంచంలోకి చూస్తూ కూర్చున్నావు. 'మంచి ప్రశ్న' అని క్లాసులో అంటావు. ఇంట్లో ఎందుకు అనలేదు?"

తల్లి ఆ ప్రశ్నని విననట్టు నటించింది. అదేమీ గొప్ప నటన కాదు.

ఆ హాల్లో గట్టిగా మాట్లాడకూడదు. అది గ్రంథాలయం పెట్టిన నియమం, డబ్బు క్లాసు కోసం పెట్టింది కాదు. వేరే గది లేదు. ఒక పొడుగాటి బల్ల చుట్టూ క్లాసు, పక్క బల్ల దగ్గర పేపరు చదవడానికి వచ్చే తాతగారు, ఆయన తర్వాత ఇంకొందరు పెద్దలు. అందువల్ల ఈ పిల్లలు అప్పుల గురించి, వడ్డీల గురించి, మోసపోయిన మేనమామల గురించి అన్నీ గుసగుసగా మాట్లాడటం నేర్చుకున్నారు. మొదట్లో నవ్వొచ్చేది. పోనుపోను లైబ్రేరియన్‌కి ఒకటి తట్టింది. గొంతు తగ్గితే డబ్బు మాట సగం చేదు పోతుంది. ఇంటిదగ్గర కేకలు తప్ప వినని పిల్లలు ఇక్కడ మాత్రం నోరు విప్పేవారు.

పేపరు తాతగారు ప్రతి శనివారం పేపరు అడ్డం పెట్టుకుని పాఠమంతా వింటారు. పేజీ తిప్పడం మర్చిపోతారు. అందరికీ తెలుసు, ఎవరూ అనరు.

ఇవాళ పాఠం జామీను. లైబ్రేరియన్ ఇంకా మొదలుపెట్టనేలేదు, తలుపు దగ్గర కాగితం సంచి గరగరలాడింది. బాబాయ్. చేతిలో వేడి వేడి బన్నులు.

"లోపల తినకూడదు," అంది ఆవిడ. వేరే మాట రాలేదు.

"తెలుసు మేడమ్," అన్నాడు బాబాయ్ వినయంగా తల వంచి. "నిన్న రాత్రి పరీక్ష తప్పాను. మళ్ళీ చదువుకుందామని వచ్చాను."

సంచి కిటికీ గూట్లో పెట్టాడు. పెద్ద మనిషి చిన్న కుర్చీలో ఇరుక్కుని కూర్చున్నాడు. అన్న కూతురి వంక చూడలేదు. ఆ పిల్ల కూడా చూడలేదు. ఒకరినొకరు ఎంత శ్రద్ధగా చూసుకోలేదంటే, బల్ల చుట్టూ ఉన్న అందరికీ సంగతి అర్థమైపోయింది.

"మీ పిల్లలనే అడుగుతా," అన్నాడు. అతని మామూలు గొంతు వీధి చివరికి వినిపిస్తుంది. పక్క బల్లమీది పెద్దలు తలెత్తేసరికి గొంతు మింగి, గుసగుసలోకి దిగాడు. "నాకు ఓవెన్ కావాలి. మా అన్నయ్య జామీను పెట్టాలి. పెట్టొచ్చా, పెట్టకూడదా? మీరే చెప్పండి."

మొబైల్ రిపేరు షాపులో పనిచేసే పొడుగు కుర్రాడు ముందుకు వంగాడు. "ఉన్న ఓవెన్ బాగుచేయించకూడదాండీ?"

"చేయించాను బాబూ. ఎన్నిసార్లంటే, రిపేరు చేసే అతను మా ఇంటి మనిషైపోయాడు. నిన్న నా ఆరోగ్యం ఎలా ఉందని అడిగాడు."

"అంటే ఏమవుతోంది?"

"వెనకవరస మాడిపోతుంది, ముందువరస పచ్చిగా ఉంటుంది. మధ్యలో ఉన్నవే అమ్ముతున్నా. మధ్యవాటితో బతకడం ఎలాగుంటుందో చూస్తున్నావుగా."

పిల్లలు నోళ్ళకి చేతులడ్డం పెట్టుకుని నవ్వారు. బాబాయ్ కాస్త కుదుటపడ్డాడు. నవ్వించగలిగితే చాలు అతనికి, గెలిచినట్టే.

నర్సింగు చదివే అమ్మాయి నవ్వలేదు. "మీకు జబ్బు చేస్తే బేకరీ ఎవరు తీస్తారు?"

"నాకెందుకు చేస్తుందమ్మా జబ్బు?"

"అందరూ అలాగే అంటారండీ. మా వార్డులో పడుకున్నవాళ్ళందరూ అలాగే అన్నారు."

బాబాయ్ తల గోక్కున్నాడు. "ఎవరూ తియ్యరు. నేను లేస్తేనే తెరిచేది."

"మరి ఆ నెల వాయిదా?"

అతను తప్పించుకోవాలని చూడలేదు పాపం. నిజంగానే ఎప్పుడూ ఆ వైపు ఆలోచించలేదు. పిండి కలిపేవాడికి పొద్దున్నే మూత తీసి అది పొంగిందో లేదో చూడటమే ఆలోచన.

క్లాసులో అందరికన్నా పొట్టివాడు, బఠాణీ అని పిలుస్తారు, వేలు ఎత్తాడు. "ఇవన్నీ మీ అన్నయ్యగారికి చెప్పారా?"

"ఓవెన్ సంగతి చెప్పాను. జబ్బు సంగతి నాకే ఇప్పుడు తెలిసింది."

మళ్ళీ నవ్వులు. ఆ నవ్వుల్లోంచి కూతురు నోరు విప్పింది. తలెత్తకుండానే అడిగింది.

"బాబాయ్, ఇప్పుడున్న ఓవెన్ కూడా అప్పు చేసే కొన్నావుగా. దానికి జామీను ఎవరు?"

లైబ్రేరియన్ చేతిలో పెన్ను మూత ఉంది. దాన్ని పెట్టబోయి, పెట్టలేకపోయింది.

బాబాయ్ ఒక్క క్షణం కూడా తీసుకోలేదు. "ఎవరూ లేరమ్మా. నా మొహం చూసి ఇచ్చారు."

"మీ మొహం చూసా!" అన్నాడు బఠాణీ. అందరూ నవ్వారు. బాబాయ్ అందరికంటే ఎక్కువ నవ్వాడు. వదిన వైపు మాత్రం చూడలేదు. ఆడిన మాట నిలబెట్టుకున్నాడు. శిష్యుల ముందు ఆవిడ పరువు కాపాడాడు. ఊరుకుంటే అక్కడితో అయిపోయేది.

ఊరుకోవాలని ఆవిడకీ ఉంది. లేదని చెబితే నేను అబద్ధం రాసినట్టు. కానీ సోమవారం ఇదే ప్రశ్న మొగుడు అడిగితే ఇదే జవాబు వస్తుంది. ఆ జవాబు నమ్మి ఆయన సంతకం పెడతాడు. ఎదురుగా ఉన్న ఈ పిల్లలు రేపు ఎవరికో పెట్టబోతూ, "అంతకుముందు ఎవరూ లేరట" అన్న మాట ఇలాగే నమ్ముతారు. నమ్మకూడదని చెప్పడానికే కదా తను ఈ బల్ల దగ్గర నిలబడింది.

"అబద్ధం," అంది లైబ్రేరియన్. గుసగుసగానే అంది. "జామీను ఉంది. నేనే."

పేపరు తాతగారు పేపరు దించేశారు. ఇన్ని వారాల్లో మొదటిసారి ఆయన మొహం పూర్తిగా కనిపించింది.

"వదినా!" అన్నాడు బాబాయ్.

"ఇతను కట్టలేకపోతే నా జీతంలోంచి కడతాను," అంది ఆవిడ పిల్లలతో. "సంతకం పెట్టేముందు ఎంతవరకు కట్టాలో అడగలేదు. ఎన్నాళ్ళు కట్టాలో అడగలేదు. మా మరిది మంచివాడు, అంతే ఆలోచించాను. మంచివాడే. ఇప్పటికీ మంచివాడే. ఓవెన్‌కి ఆ సంగతి తెలియదు."

నర్సింగు అమ్మాయి నెమ్మదిగా అడిగింది. "మేడమ్, నేను ఇక్కడ మెంబరుగా చేరినప్పుడు మీరే కదా నాకు జామీను?"

"ఔను. నువ్వు పుస్తకం పోగొడితే ఆ పుస్తకం ఖరీదు కడతాను. అంతకుమించి ఎవరూ నన్ను అడగలేరు. దానికో హద్దుంది. అది తెలిసే పెట్టాను. అక్కడ మాత్రం హద్దు ఎక్కడుందో చూసుకోకుండా పెట్టాను. రెండూ ఒకే సంతకం అనుకున్నాను. అదీ నా తెలివితక్కువ."

కూతురు అప్పుడు తలెత్తింది.

"నాన్నకి తెలుసా?"

"తెలియదు."

"నాయనమ్మ పొద్దున్న అన్ని మాటలన్నా ఊరుకున్నావు."

"ఊరుకున్నాను."

"నిన్న రాత్రి నేను అడిగిన ప్రశ్నకి జవాబు నీ దగ్గరే ఉంది. అయినా నన్ను ఒంటరిగా కూర్చోబెట్టావు." ఆ పిల్ల ఏడవలేదు. గొంతు కూడా పెంచలేదు. "నేనే తప్పు చేశానేమోనని రాత్రంతా అనుకున్నానమ్మా."

ఆ మాట తల్లికి గుచ్చుకోవలసిన చోటే గుచ్చుకుంది. అత్తగారి నిష్ఠూరాలన్నీ కలిపినా ఇందులో పావు వంతు లేవు. "నువ్వు చేయలేదు," అంది. "చేసింది నేను." ఇంకేమీ చేర్చలేదు.

క్లాసు ముగిశాక ముగ్గురూ మెట్లమీదికి వచ్చారు. బన్నులు పిల్లలు పంచేసుకున్నారు, తాతగారికి కూడా ఒకటి అందింది.

"ఎందుకు చెప్పావు వదినా?" బయట కూడా బాబాయ్ గొంతు గుసగుసగానే ఉంది, హాలు అలవాటు ఇంకా వదల్లేదు. "నీ మాట పోకూడదనే కదా నేను..."

"నా మాట సరే. మీ అన్నయ్య ఏం తెలిసి సంతకం పెడతారు?"

"తెలిస్తే పెట్టడు."

"పెట్టకపోతే?"

"ఓవెన్ రాదు. ఇదేమో నాలుగు నెలలకి మించి పనిచేయదు. ఇది ఆగిందంటే పాత వాయిదాలు నీ నెత్తినే పడతాయి. నువ్వు నోరు మూసుకుంటేనే నీకు మంచిది, ఆలోచించు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. అతను బెదిరించలేదు, ఉన్నమాటే చెప్పాడు. అతని ముఖంలో భయం చూస్తే ఆవిడకి జాలేసింది. కోపం కూడా వచ్చింది. రెండూ ఒకేసారి వస్తాయి, మరుదులతో అదే చిక్కు.

"అయినా చెబుతాను. ఇప్పుడే దుకాణానికి వెళుతున్నాను."

బాబాయ్ తలూపాడు, అచ్చం అన్నలాగే. "చెప్పు. నేను రాను. నన్ను చూస్తే వాడు మొహమాటపడి పెట్టేస్తాడు."

ఆ మాట అన్నందుకు అతన్ని మెచ్చుకోవాలి. నేను మెచ్చుకుంటున్నాను.

మెట్లు దిగి, ఆగి, అన్న కూతురితో అన్నాడు. "లాయరమ్మా, నా మీద కోపమా?"

"ఉంది."

"రాత్రి భోజనానికి రానా?"

"రా. వస్తే మళ్ళీ అడుగుతాను."

"అడుగు. ఈసారి చెయ్యి కడుక్కోను." నవ్వబోయాడు, సగంలోనే ఆగిపోయింది. బేకరీ వైపు వెళ్ళిపోయాడు.

కళ్ళజోళ్ళ దుకాణం రెండు వీధుల అవతల. తల్లీకూతుళ్ళు మాట్లాడుకోకుండా నడిచారు. రోడ్డు దాటే చోట కూతురు తల్లి మోచెయ్యి పట్టుకుంది, దాటాక వదిలేసింది.

దుకాణంలో ఆయన ఒక్కడే ఉన్నాడు. రాయి చక్రం మీద ఒక అద్దం అంచు అరగదీస్తున్నాడు. సన్నగా నీళ్ళు చిమ్ముతున్నాయి. వాళ్ళని చూసి చక్రం ఆపాడు. చేతులు తుడుచుకున్నాడు. మొహం తేటగా ఉంది. ఎన్నాళ్ళనుంచో ఆవిడ చూడని తేట.

"మీతో ఒక మాట చెప్పాలి," అంది ఆవిడ.

"నేనూ చెప్పాలి. ముందు నన్ను చెప్పనీ, మళ్ళీ ధైర్యం చాలదు." చిన్నపిల్లాడిలా ఉంది ఆయన వాలకం. "అమ్మ వచ్చింది ఇందాక."

"ఇక్కడికా? ఆ మోకాళ్ళతోనా?"

"ఆ ఎండలో, ఏమీ తినకుండా, నడుచుకుంటూ. వస్తూ వస్తూ బేకరీలో తమ్ముడి సొరుగులోంచి బ్యాంకు కాగితాలు కూడా తెచ్చింది. వాడు లేడట అక్కడ, ఎక్కడికో వెళ్ళాడట. ఆ కుర్చీలో కూర్చుంది. నీళ్ళిస్తే తాగలేదు." ఆగాడు. "పెట్టేశాను."

ఆవిడ కౌంటరు అంచు పట్టుకుంది.

"కోప్పడకు. నీకు చెప్పకుండా చేసిన పని నా బతుకులో ఇదొక్కటే. చెబితే వద్దంటావేమోనని చెప్పలేదు. పొద్దున్న అడిగితే నువ్వేమీ అనలేదు కూడా. పెట్టాక అమ్మ నీళ్ళు తాగింది, కాగితాలు పట్టుకుని వెళ్ళిపోయింది. సోమవారం వాడు బ్యాంకులో ఇచ్చేస్తాడు."

"నాన్నా," అంది కూతురు, "బాబాయ్ కట్టలేకపోతే దేంట్లోంచి కడతావు?"

"నువ్వు అడిగింది రాత్రంతా ఆలోచించానురా. మంచి ప్రశ్న. ఇంట్లో ఇన్నాళ్ళకి ఒకరు అడిగారు." ఆయన కూతురి వంక మెచ్చుకోలుగా చూశాడు. ఆ మెచ్చుకోలు ఎవరినుంచి రావాలని ఆ పిల్ల రాత్రినుంచీ ఎదురుచూసిందో ఆయనకి తెలియదు. "దుకాణం పోతుంది. అంతేగా? పోనీ. అంతా లెక్క చూసుకునే పెట్టాను. దుకాణం పోయినా మీ అమ్మ జీతం ఉంటుంది. దాని జోలికి ఎవరూ రాలేరు. నీ చదువు దాంతో వెళ్ళిపోతుంది, ఇల్లు దాంతో గడిచిపోతుంది. ఆ ఒక్క ధైర్యంతోనే పెట్టానమ్మా. అది లేకపోతే అమ్మ కాళ్ళావేళ్ళా పడినా పెట్టేవాణ్ణి కాదు."

వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు.

"అరుస్తావనుకున్నాను," అన్నాడాయన భార్యతో, కాస్త నవ్వుతూ. "ఏమీ అనవేం? ఇంతకీ నువ్వేదో చెప్పాలన్నావు?"

కూతురు తల్లి వంక చూసింది. ఆ చూపులో కోపం అలాగే ఉంది, ఎక్కడికీ పోలేదు. నాయనమ్మ కూర్చుని వెళ్ళిన కుర్చీని లాక్కొచ్చి తల్లి వెనక వేసింది.

"కూర్చోమ్మా," అంది. "కూర్చుని చెప్పు. నేనిక్కడే ఉంటాను."